నిందకు ముందు సాక్ష్యం

2006 ఆగస్టులో ఓవల్ టెస్టులో పాకిస్తాన్ జట్టు బంతిని చెడగొట్టిందని అంపైర్లు డారెల్ హేర్, బిల్లీ డాక్ట్రోవ్ నిర్ధారించి, ఇంగ్లండ్‌కు 5 పరుగులు అదనంగా ఇచ్చారు. నిరసనగా ఇంజమాముల్ హక్ జట్టు టీ విరామం తర్వాత సకాలంలో మైదానంలోకి రాలేదు. మ్యాచ్ ఇంగ్లండ్ వశమైంది. టెస్టు చరిత్రలో అలాంటి ఫలితం అదే మొదటిది.

మరుసటి నెల జరిగిన విచారణలో బంతిని చెడగొట్టారన్న ఆరోపణ నిలవలేదు. ఆట గౌరవానికి భంగం కలిగించినందుకు మాత్రం ఇంజమామ్‌పై 4 వన్డేల నిషేధం పడింది. మోసగాళ్లన్న ముద్ర క్షణంలో పడింది. దానిని తుడవడానికి నెల పట్టింది.

హేర్‌ది జాతివివక్షేనని అప్పట్లో చాలామంది అన్నారు. మనిషి మనసును రుజువు చేయడం కష్టం. తననే వివక్షకు గురిచేశారంటూ ఐసీసీపై హేర్ వేసిన దావా కూడా 2007లో ఉపసంహరణతో ముగిసింది. పరిశీలించవలసింది పద్ధతిని.

తటస్థ అంపైర్ల కోసం గళమెత్తిన వారిలో ఇమ్రాన్ ఖాన్ ముఖ్యుడు. 1986లో వెస్టిండీస్‌తో లాహోర్ టెస్టుకు పాకిస్తాన్ భారత అంపైర్లనే నిలిపింది. ఓవల్‌లోనూ అంపైర్లిద్దరూ తటస్థ దేశాలవారే. అయినా వివాదం తప్పలేదంటే, తటస్థత ఒక్కటే చాలదని అర్థం. నింద మోపేవారు సాక్ష్యం చూపాలి. నిందితుడి మాట వినాలి. ఆ తర్వాతే శిక్ష. మైదానంలోనైనా సమాజంలోనైనా బలహీనుడికి రక్షణ ఈ వరుస క్రమమే.