అద్దాలిచ్చిన సర్కారు ఎండనివ్వలేదా?

డోపమైన్ పేరెత్తితే చాలు, సెల్‌ఫోన్ పిచ్చి, రీల్స్ మోజు అంటూ దాన్ని బోనెక్కిస్తున్నాం. అదే డోపమైన్ పగలంతా మన కంట్లో చేస్తున్న చాకిరీని ఒక్కరైనా తలిచారా? బడి పుస్తకం వెలుగును పట్టే దండాలు, శంకువులు అనే కణాల దగ్గరే ఆగిపోతుంది. టీవీ చర్చలకైతే ఆ ఊసే పట్టదు.

రెటీనా మందం పావు మిల్లీమీటరు. అందులోని అమక్రైన్ అనే నాడీకణాల్లో డోపమైన్ తయారుచేసేవి నూటికి ఒకటి కూడా ఉండవు. వెలుగు తగిలితే ఆ కాసిన్ని కణాలే రెటీనా అంతటా డోపమైన్ చల్లుతాయి. రాత్రి మసక చూపు కోసం విద్యుత్ లంకెలు వేసుకుని ఉన్న కణాలు దాని తాకిడికి విడివడతాయి. మసక చూపునిచ్చే దండాల దారి వెనక్కి తగ్గుతుంది, పగటి చూపునిచ్చే శంకువుల దారి ముందుకొస్తుంది. పట్టపగలు వాకిట్లో ముగ్గు గీత గీతగా కనబడటంలో దీని వాటా ఉంది.

నమ్మకం కుదరకపోతే ఈఆర్‌జీ (ఎలక్ట్రోరెటినోగ్రామ్) పరీక్ష చూడండి. కంటికి ఎలక్ట్రోడు తగిలించి తళుక్కుమనే కాంతి చూపిస్తే రెటీనా నుంచి అలలు లేస్తాయి. మహా అయితే కొన్ని వందల మైక్రోవోల్టులు. డోపమైన్ తగ్గిపోయే పార్కిన్సన్స్ రోగుల్లో ఆ అలలు చిక్కిపోతాయి. ఒంట్లో డోపమైన్‌గా మారే ఎల్-డోపా మందు ఇస్తే కొంత తేరుకున్న దాఖలాలున్నాయి. ఆ ఎల్-డోపా దూలగొండి గింజల్లో ఉందని 1937లోనే మద్రాసులో దామోదరన్, రామస్వామి తేల్చారు. వాళ్ల పేర్లు మన పిల్లలకు ఎవరు చెప్పారు? దూలగొండి అంటే మనకు దురదొక్కటే గుర్తు!

ఇక అసలు కడుపుమంట. ఒకప్పుడు చొప్పదండిలో బడి వదిలితే పిల్లలు చిర్రగోనె పట్టుకుని పొద్దుగూకేదాకా బయటే ఉండేవాళ్లు. ఇప్పుడు బడి, ట్యూషన్, హాస్టల్, అన్నీ ట్యూబులైటు కిందే. తరగతి గదిలో వెలుగు కొన్ని వందల లక్సులు. నడి ఎండ లక్షకు చేరుతుంది. ఆ తేడా ఏం చేస్తుందో ప్రయోగాలు చెప్పాయి: ప్రకాశవంతమైన వెలుగులో పెంచిన కోడిపిల్లల్లో హ్రస్వదృష్టి (దూరపు చూపు మసకబారడం) నెమ్మదించింది. డోపమైన్ గ్రాహకాలను మందుతో మూసేస్తే ఆ రక్షణ పోయింది. ఇంకేం రుజువు కావాలి? తైవాన్ 2010లోనే బడి పిల్లలను రోజుకు 120 నిమిషాలు ఆరుబయట ఉంచమంది. ఏటేటా పెరుగుతూ వచ్చిన చూపు లోపాలు అక్కడ తగ్గుముఖం పట్టాయి. ఎండకు కరువు లేని తెలంగాణకు ఆ మాత్రం చేతకాదా?

2018 ఆగస్టు 15న తెలంగాణ సర్కారు కంటి వెలుగు పథకం మొదలైంది. ఊరూరా పరీక్షలు చేసి అద్దాలిచ్చారు, మెచ్చుకోవలసిందే. కానీ అద్దాల అవసరమే రాకుండా చూసే మందు పిల్లవాడి కంట్లోనే తయారవుతుంటే, దాన్ని పుట్టించే ఎండకు వాణ్ని దూరం చేసిందెవరు? ఆటస్థలం లేని భవనంలో బడికి అనుమతిచ్చిందెవరు? విద్యాశాఖ పెద్దలారా, వైద్యశాఖ అధికారులారా, కోట్లు అడగడం లేదు. జీవశాస్త్ర పాఠంలో డోపమైన్‌కు ఒక పేరా ఇవ్వండి. పదో తరగతి అయినా సరే, పీటీ పీరియడును లెక్కల సారుకు అప్పజెప్పడం మానండి.