బస ఎక్కడ? కోఠి పక్షాన ఒక మాట

హైదరాబాదుకు పనిమీద వెళ్ళే బంధుమిత్రులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "ఎక్కడ దిగితే బాగుంటుంది?" అడిగేవారు సాధారణంగా సగం జవాబును వెంటబెట్టుకునే వస్తారు. "కోఠి, ఆబిడ్స్ మాత్రం వద్దులెండి, రద్దీ ఎక్కువ" అంటారు. నా అభిప్రాయం దీనికి పూర్తిగా విరుద్ధం. నాలుగు రోజులుండి పోయేవారు, అందులోనూ తెలుగు పుస్తకంతో ఏ కాస్తయినా చుట్టరికం ఉన్నవారు, దిగవలసింది ఆ రద్దీలోనే. ఈ అభిప్రాయం నాకు ఆలస్యంగా కలిగింది. అంత ఆలస్యంగా కలిగినందుకు ఇప్పటికీ బాధపడుతుంటాను.

2013లో మా నాన్నగారికి కంటి పరీక్షలు చేయించడానికి నగరానికి తీసుకువెళ్ళాను. ఆయన నల్లగొండ జిల్లాలో బడిపంతులుగా పనిచేసి పదవీ విరమణ చేసినవారు. 1960ల తొలినాళ్ళలో బడీచౌడీలో ఒక ఇరుకుగదిలో మరి ముగ్గురితో కలిసి వండుకు తింటూ చదువుకున్నారు. ఈ సంగతి నాకు తెలియనిదేమీ కాదు, చిన్నప్పటినుంచీ విన్నదే. అయినా నేను అంతర్జాలంలో నక్షత్రాలు లెక్కపెట్టి, ఆసుపత్రికి దగ్గర గదా అని, మాదాపూరులో ఒక హోటలు కుదిర్చాను. తొమ్మిదవ అంతస్తు, చల్లని గది, మల్లెపూవులాంటి దుప్పట్లు. వంక పెట్టడానికి ఏమీ లేదు.

ఆసుపత్రి పని రోజుకు రెండు గంటలకు మించి ఉండేది కాదు. తక్కిన పొద్దంతా ఆయన అద్దాల కిటికీ పక్కన కూర్చునేవారు. మొదటిరోజు, "ఈ కిటికీ తెరుచుకోదా, బిడ్డా?" అని అడిగారు. తెరుచుకోదు. రెండవరోజు, "కిందికి పోతే తెలుగు పేపరు దొరుకుతదా?" అన్నారు. కిందికి పోతే వెడల్పాటి రోడ్డు, దానిమీద ఆగని కార్లు, కాలిబాట లేదు. మూడవరోజు, "సుల్తాన్ బజారు పోయి ఒక్కసారి భాషానిలయం చూసొద్దామా?" అన్నారు. "ట్రాఫిక్‌లో చిక్కుకుంటే సాయంత్రం పరీక్ష తప్పిపోతుంది నాన్నా, రేపు చూద్దాం" అన్నాను. ఆ రేపు రాలేదు. నాలుగవరోజు బస్సెక్కాము. ఆయన మళ్ళీ ఆ ప్రసక్తి తేలేదు. 2016లో కాలం చేశారు.

2022లో పాతపత్రికలు చూసే పని పడి, ఐదురోజులపాటు కోఠిలోని ఒక మామూలు లాడ్జిలో దిగాను. మూడవ అంతస్తు గది, కిటికీ తెరుచుకుంటుంది. పొద్దున్నే కిందికి దిగితే చాయ్ బండి, పక్కనే పేపర్లు పరచుకుని కూర్చున్న మనిషి. ఇంకో పది అడుగులు వేస్తే టిఫిను. నిలబడి తినేవాళ్ళ నడుమ నేనూ నిలబడి తిన్నాను. అప్పుడే నాకొక విషయం తట్టింది. మన పాత వాడుకలో హోటలంటే తినేచోటు, లాడ్జి అంటే పడుకునేచోటు. ఆ రెండూ వేర్వేరుగా ఉన్నంతకాలం మనిషి రోజుకు మూడుసార్లయినా వీధిలోకి రాక తప్పేది కాదు. రెండింటినీ ఒకే కప్పు కిందికి చేర్చిన తరువాత, ఊరు చూడకుండానే ఊరికి వెళ్ళిరావడం సాధ్యమైంది.

ఇక ఆ వీధులు సామాన్యమైనవా? కోఠి అన్న పేరే ఒక భవనం మూలంగా వచ్చింది. కిర్క్‌పాట్రిక్ హయాంలో, 19వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో కట్టిన బ్రిటిష్ రెసిడెన్సీయే ఆ కోఠీ. ఎన్నో ఏళ్ళు మహిళా కళాశాలగా ఉండి, 2022లో మహిళా విశ్వవిద్యాలయమైంది. ఆ తరువాత దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. చుట్టూ ఉన్న రెసిడెన్సీ బజారు 1933లో తిరిగి నిజాము ఏలుబడిలోకి వచ్చి సుల్తాన్ బజారైంది. అంతకు ముప్ఫైరెండేళ్ళ ముందే, 1901 సెప్టెంబరు 1న, ఆ బజారులోనే రావిచెట్టు రంగారావుగారి ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావుగారి వంటివారు దాని వెనుక ఉన్నారు. తెలుగు చదువుకు ఆదరణ కరువైన రోజుల్లో తెలుగు పుస్తకానికి అదొక నీడ. తిలక్ రోడ్డు వైపు నడిస్తే 1943లో స్థాపించిన సారస్వత పరిషత్తు ఉంది. ఆదివారం పొద్దున ఆబిడ్స్‌లో మూసిన దుకాణాల ముందు పాతపుస్తకాలు పరుస్తారు. ఇవన్నీ నేను దిగిన గదినుంచి కాలినడకన చేరదగిన చోట్లే.

భాషానిలయం మెట్లెక్కుతుండగా నాకు లెక్క తెలిసివచ్చింది. మాదాపూరులో మా నాన్నగారు గడప దాటాలంటే నన్ను అడగవలసివచ్చింది. అదే ఇక్కడ దిగి ఉంటే నేను నిద్రలేచేలోగా ఆయన చాయ్ తాగి, పేపరు చదివి, బడీచౌడీ దాకా నడిచివచ్చి, "లే, నీకొక గల్లీ చూపిస్త" అనేవారు. నేను సమకూర్చిన సౌఖ్యంలో ఆయన రోగిగా మాత్రమే ఉన్నారు. ఇక్కడైతే నాకు దారి చూపే మనిషిగా ఉండేవారు.

అందుచేత నా వాదం ఇది: బస ఎంచుకునేటప్పుడు గదికంటే ముందు, గడప దాటిన తరువాతి వంద అడుగులను చూడాలి. ఆ వంద అడుగుల్లో ముసలివాళ్ళయినా, కొత్తవాళ్ళయినా ఒకరి సాయం లేకుండా ఏం చేయగలరు? ఒక చాయ్, ఒక పేపరు, ఒక మందులషాపు, కూర్చోవడానికొక అరుగు ఉంటే అది మంచి బస. అంతర్జాలంలో జనం కోఠి లాడ్జీల మీద రాసే ఫిర్యాదుల్లో "చుట్టుపక్కల బాగా రద్దీ" అన్నది తప్పకుండా ఉంటుంది. నేనైతే దాన్ని సద్గుణాల పట్టీలోకి మారుస్తాను.

అవతలి పక్షానికీ న్యాయముంది. రొద ఉంటుంది, పొగ ఉంటుంది. గుంపంటే భయపడేవారిని తప్పుపట్టలేను. 2007 ఆగస్టు 25న కోఠిలోని గోకుల్ చాట్ దగ్గర బాంబు పేలిన సంగతిని ఆ నగరం మరచిపోలేదు. పసిపిల్లలున్నవారికీ, శ్వాసకోశవ్యాధులున్నవారికీ నా సలహా వర్తించదు. రోట్లో తలపెట్టి రోకటిపోటుకు వెరవరాదన్న సామెత ఉంది గాని, ఏ రోలో, ఏ మూలో ముందుగా చూసుకోవడంలో తప్పులేదు.

ఆ చూసుకోవడం ఎలాగో నా అనుభవం కొద్దీ చెబుతాను. కోఠి చౌరస్తా ముఖాన ఉన్న గది వద్దు. బస్సుల హారన్లు పొద్దుపోయేదాకా వినిపిస్తాయి. అదే భవనంలో వెనుకవైపు గది అడగండి. లోపలి గల్లీల్లో పగలు ఇసుక వేస్తే రాలనంత జనం. దుకాణాలు కట్టేశాక మాత్రం చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది. రైలు దిగి వచ్చేవారికి నాంపల్లి స్టేషను దగ్గరి లాడ్జీలు అనుకూలం. కాస్త నెమ్మది కావాలంటే కాచిగూడ వైపు జరగండి. డబ్బు కట్టకముందే గది చూడండి, కుళాయి తిప్పండి, కిటికీ తెరవండి. లిఫ్టు ఉందన్న మాటను నమ్మకుండా దానిలో ఒకసారి ఎక్కి దిగండి. లిఫ్టు దాకా చేరడానికే ఎన్ని మెట్లున్నాయో లెక్కపెట్టండి. ఖాళీ చేసే వేళ మధ్యాహ్నం పన్నెండా, లేక దిగిన వేళనుంచి ఇరవైనాలుగు గంటలా అన్నది కనుక్కోండి. రాత్రి రైలుకు పోయేవారికి ఈ తేడా చాలా పెద్దది.

"మరి పని మాదాపూరులో ఉంటే?" అంటారా? 2013లో ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడుంది. ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషనులో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారితే హైటెక్ సిటీ చేరవచ్చు. 2020 ఫిబ్రవరినుంచి సుల్తాన్ బజారుకే ఒక స్టేషను వచ్చింది. పనికోసం అటు వెళ్ళి, బతకడానికి ఇటు తిరిగిరావచ్చు.

అయినా, ఈ సలహాలన్నిటికంటే ముందు చేయవలసిన పని ఒకటుంది. నేను చేయనిది అదే. మీ పెద్దలతో నగరానికి వెళ్ళేటప్పుడు గది కుదర్చకముందే, "నీకు ఎక్కడ ఉండాలని ఉంది?" అని వారినొక మాట అడగండి.