పాట హిట్టయితే కళ బతికినట్టేనా?

గోదావరిఖని చౌరస్తాలో ఎవరిని కదిపినా ఒకటే మాట: సినిమాల పుణ్యమా అని జానపదం మళ్లీ బతికిందట. సభల్లో ఇదే మాట, పత్రికల్లో ఇదే మాట. చదువుకున్నవాళ్లు కూడా అవునంటూ తలలూపుతున్నారు. ఈ అభిప్రాయం తప్పు. పైగా హాని చేసే తప్పు. బతికే ఉందని నమ్మినదాన్ని బతికించడానికి ఎవరు పూనుకుంటారు? సాక్ష్యాలు ముందు పెడతాను, తీర్పు పాఠకులే చెప్పండి.

2022 పద్మశ్రీల జాబితా చూడండి. పన్నెండు మెట్ల కిన్నెర మొగులయ్య అందులో ఉన్నారు. 'భీమ్లా నాయక్' పాటతో ఆయన గొంతు ఇంటింటికీ చేరింది. అదే జాబితాలో సకిని రామచంద్రయ్య కూడా ఉన్నారు. ఊరు మణుగూరు మండలం కూనవరం. అవును, సింగరేణి బొగ్గు తవ్వే మణుగూరే. డోలు వాయిస్తూ, పడిగె అనే గుడ్డ మీది బొమ్మల వెంట కోయ ఇలవేల్పుల కథలు చెప్పగలిగిన కొద్దిమందిలో ఆయనొకరు. ఆ పేరు మీలో ఎందరు విన్నారు? 2024లో ఆయన కన్నుమూశారు. అదే ఏడాది మొగులయ్య భవన నిర్మాణ కూలీగా పనిచేస్తున్న దృశ్యాలు రాష్ట్రమంతా చూసింది. సినిమాకెక్కినాయన కూలికి పోయారు, ఎక్కనాయన ఊరూపేరూ తెలియకుండానే వెళ్లిపోయారు. మరి సినిమా బతికించింది ఎవరిని?

'బలగం' సంగతేమిటని అడుగుతారు. అడగాల్సిందే. 2023లో వచ్చిన ఆ సినిమా చివర బుడగ జంగాల దంపతులు కొమురమ్మ, మొగిలయ్య పాడుతుంటే థియేటర్లు కన్నీళ్లు పెట్టుకున్నాయి. వాళ్ల గొంతును వాళ్లకే వదిలిన దర్శకుడిని మెచ్చుకోవాలి. అయితే మరుసటి ఏడాది డిసెంబరులోనే మొగిలయ్య కిడ్నీ జబ్బుతో చనిపోయారు. ఒక జీవితమంతా పాడిన కథల్లో తెర మీదికి వచ్చింది కొన్ని నిమిషాలే. ఒక సినిమాకు ఆ నిమిషాలు చాలు. ఒక కళకు చాలుతాయా?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. మనవాళ్లు పాటనే కళ అనుకుంటున్నారు. దండారిని తీసుకోండి. దీపావళికి ముందు గోండు జట్లు దండేపల్లి మండలం గుడిరేవులో, గోదావరి ఒడ్డున, పద్మల్పురి కాకో దేవతకు మొక్కుతాయి. ఆపైన ఒక ఊరి జట్టు మరో ఊరికి అతిథిగా పోతుంది. ఆతిథ్యం, మొక్కు, చుట్టరికం, ఆట అన్నీ కలిస్తేనే దండారి. నెమలి ఈకల టోపీ పెట్టుకున్న గుస్సాడీ ఆటగాడికి నియమాలున్నాయి, గడువుంది. ఇవన్నీ ఒలిచేసి, మంత్రిగారి కారు ముందు పది నిమిషాలు ఆడిస్తే అది దండారి అవుతుందా? హీరో వెనక వరసలో నిలబెడితే అవుతుందా?

గోండుల కథకులైన పర్ధాన్లు, తోటీలు వాయించే కిక్రి సంగతి ఇంకా అన్యాయం. గుర్రపు వెంట్రుకల తీగలు, అదే వెంట్రుకల కమాను, తోలు బిగించిన చిన్న బుర్ర. సన్నటి నాదం. కథకుడి మాట ఆగినచోట కిక్రి అందుకుంటుంది, తోటివాళ్లు వంత కలుపుతారు. గోండు వంశాల కథ అలా గంటల తరబడి సాగుతుంది. సినిమా పాటలో అదే కిక్రిని డ్రమ్ముల కింద తొక్కేస్తే మిగిలేది ఏమిటి? పేరు కూడా మిగలదు.

ఇక ఫోన్, డ్రోన్ ఉంటే చాలు, డాక్యుమెంటరీ తీసినట్టే అనుకునేవాళ్లు మరో రకం. మందమర్రి మండలం బొక్కలగుట్ట దగ్గరి గాంధారి ఖిల్లా మీద నాయకపోళ్లు మైసమ్మ జాతర చేస్తారు. గుట్టను పైనుంచి ఒక చుట్టు చుట్టి, జాతర చప్పుడు తీసేసి, సినిమా బాణీ అతికిస్తే అది ఎవరి జాతర? మొక్కేవాళ్ల మాట ఒక్కటీ వినిపించని చిత్రం ఎవరి కోసం?

మరి దారేది? స్వతంత్ర చిత్రమే దారి. పండుగ గడువు ఎంతో అంతకాలం ఆ ఊళ్లో ఉండి, వాళ్ల భాషలో, వాళ్ల పేర్లతో, కథను కత్తిరించకుండా తీసే చిత్రం. అలాంటివి ఎవరు చూస్తారన్న ప్రశ్న వెంటనే వస్తుంది. చూపిస్తే కదా చూసేది! అల్లాణి శ్రీధర్ 1990లో తీసిన 'కొమరం భీమ్' నంది అవార్డులు గెలిచింది. థియేటరుకు వచ్చింది 2010లో. ఇరవై ఏళ్లు తలుపు మూసి, జనం రాలేదని నింద వేయడం ఏ న్యాయం?

తీసినంత మాత్రాన కూడా సరిపోదు. మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ 1940లలో గోండుల ఊరు మార్లవాయిలో ఉండి గోండుల జీవితాన్ని నమోదు చేశారు. ఆయన భార్య బెట్టి సమాధి ఆ ఊళ్లోనే ఉంది. ఆయన ఫొటోలు, ఫిల్ములు లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. తాత ఆట చూడాలంటే మార్లవాయి మనవడు లండన్ దిక్కు చూడాలా? చిత్రం తీసినవాడు ప్రతిని మొదట ఊరికివ్వాలి. ఊరి బడిలో ఆ ప్రతి ఉంటేనే పిల్లవాడు చూసి నేర్చుకుంటాడు. నేర్చుకునే పిల్లవాడు లేని కళకు ఎన్ని కోట్ల వ్యూస్ వచ్చినా ఏం లాభం?

డబ్బులేవని మాత్రం చెప్పకండి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. ఆ ఖర్చుకు తగిన పనుల్లో వారసత్వ సంరక్షణను, సంప్రదాయ కళల అభివృద్ధిని ఏడో షెడ్యూలు పేరుపెట్టి చేర్చింది. సింగరేణిలో రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది. అంటే అది ప్రజల సంస్థ. ఈ గుట్టల కిందా ఈ అడవుల కిందా తవ్విన బొగ్గు లాభంలోంచి ఏటా కొన్ని చిత్రాలకు, కళాకారుల దగ్గర నేర్చుకునే పిల్లల భృతికి డబ్బివ్వమనడం దానం అడగడమా? కాదు, హక్కు అడగడం.

కాబట్టి సినిమా పాట విని ఆనందించండి, అడ్డులేదు. కళ బతికిందని మాత్రం తీర్పు చెప్పకండి. కిక్రి పట్టే చెయ్యి, పడిగె విప్పి కథ చెప్పే గొంతు వచ్చే తరంలో ఎన్ని ఉంటాయో లెక్క తేలాకే ఆ మాట అనండి.