రసీదు ఎవరి పేరున ఉంది?

అగ్రిగోల్డ్‌లో పొదుపు పోగొట్టుకున్నవాళ్ళు లక్షల్లో ఉన్నారు. వారిలో కూలికి వెళ్ళేవాళ్ళు, కుట్టుమిషను మీద బతికేవాళ్ళు ఎందరో. వీళ్ళది అత్యాశ అనేవారితో నేను ఏకీభవించను. బ్యాంకు ఎక్కడో ఉంది. ఏజెంటు గడపలోకే వచ్చాడు, అదీ చుట్టరికం కలుపుకుని.

చట్టాలు లేక కాదు. సెబీకి 1992లోనే చట్టబద్ధ అధికారాలొచ్చాయి. పదిమంది సొమ్మూ పోగుచేసి, అజమాయిషీ తమ చేతుల్లోనే ఉంచుకుని లాభాలు ఆశచూపే పథకాలు సెబీ దగ్గర రిజిస్టరు కావాలని 1999లో నిబంధనలొచ్చాయి. కానీ చిట్టీలకు వేరే రిజిస్ట్రారు, ఫైనాన్సు కంపెనీలకు రిజర్వు బ్యాంకు. మోసపోయిన మనిషి ఏ తలుపు తట్టాలి? అనుమతిలేని డిపాజిట్లను నిషేధించే కేంద్ర చట్టం 2019లో గానీ రాలేదు. అప్పటికే మునిగినవాళ్ళు మునిగారు.

ఇంట్లో చెప్పకుండా దాచుకున్న సొమ్ము పోతే స్త్రీ నోరువిప్పి ఫిర్యాదైనా చేయలేదు. కంపెనీగా రిజిస్టరవడం వేరు, జనం దగ్గర డబ్బు వసూలు చేసే అనుమతి వేరు. ఈ తేడాను మన సంఘాల సమావేశాల్లో చెప్పుకుందాం. అనుమతి ఎవరిచ్చారు, రసీదు ఎవరి పేరున రాశారు అని డబ్బు కట్టకముందే అడుగుదాం. అడగడం మన హక్కు.