జపాన్ వృద్ధులపై పరిశోధన.. దారి ఉంది, దూరం ఎక్కువ!

జపాన్ అనగానే మన నర్సింగ్ విద్యార్థులకు ఇప్పుడు కేర్‌గివర్ ఉద్యోగాలు గుర్తొస్తున్నాయి. 2019లో తెచ్చిన స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ వీసా అందుకో కారణం. అక్కడే ఇంకో రకం పనీ ఉంది. పెద్దవాళ్లను ఎవరు చూసుకోవాలి, ఆ ఖర్చు ఎవరు భరించాలి అన్నది ప్రభుత్వం ఎలా తేలుస్తోందో పరిశోధించడం. ఎకనామిక్స్, పబ్లిక్ హెల్త్, సోషియాలజీ, పొలిటికల్ సైన్స్ చదివేవాళ్లు ఆలోచించదగ్గ రంగమిది.

జపాన్ జనాభాలో దాదాపు 29 శాతం మంది 65 ఏళ్లు దాటినవాళ్లే. వీళ్ల కోసం 2000 ఏప్రిల్‌లో సంరక్షణ బీమా (కైగో హోకెన్) మొదలుపెట్టారు. 40 ఏళ్లు నిండితే ప్రీమియం కట్టాల్సిందే. సేవ పొందినవాళ్లు బిల్లులో 10 శాతం ఇస్తారు, ఆదాయం ఎక్కువుంటే 20 లేదా 30. మిగతాదాంట్లో సగం ప్రీమియంల నుంచి, సగం పన్నుల నుంచి వస్తుంది. సేవల రేట్లను మూడేళ్లకోసారి సవరిస్తారు.

పరిశోధకులకు పని దొరికేది ఈ సవరణల్లోనే. 2024 సంగతి చూడండి. మొత్తంగా రేట్లు 1.59 శాతం పెంచారు. ఇంటికొచ్చి సాయం చేసే హెల్పర్ల సేవకు మాత్రం బేసిక్ రేటు తగ్గించారు! మనుషులు దొరక్క అల్లాడుతున్న సేవకే కోత ఎందుకు? ఆ సంస్థల లాభం 7.8 శాతం ఉందని, అన్ని సేవల సగటు 2.4 శాతమేనని ప్రభుత్వ సర్వే చెప్పింది. కానీ ఒకే బిల్డింగ్‌లో ఇరవై మందిని చూసే సంస్థకూ, కొండ ఊళ్లలో ఇంటింటికీ కారులో తిరిగే సంస్థకూ ఖర్చు ఒకటి కాదుగా. సగటు ఆ తేడాను చూపించదు. దాన్ని లెక్కలతో చూపగలిగితే పీహెచ్‌డీకి సరిపడా సరుకు ఉన్నట్టే.

అయితే ఈ చర్చంతా జపనీస్‌లో సాగుతుంది. ఆరోగ్య శాఖ కమిటీల మినిట్స్, మున్సిపాలిటీల ప్లాన్‌లు ఆ భాషలోనే ఉంటాయి. జేఎల్‌పీటీలో కనీసం ఎన్2 స్థాయి లేకపోతే ఎవరో ఇంగ్లిష్‌లో రాసినంత వరకే మీకు అందుతుంది. హైదరాబాద్‌లోని ఇఫ్లూలో, ఢిల్లీ జేఎన్‌యూలో జపనీస్ నేర్పుతున్నారు. సున్నా నుంచి ఎన్2 అంటే రెండు మూడేళ్లు చేతిలో పెట్టుకోవాల్సిందే.

డబ్బుకు మెక్స్ట్ స్కాలర్‌షిప్ ఉంది. ఎంబసీ ద్వారా ఎంపికైతే ఫీజు ఉండదు, నెలనెలా స్టైపెండ్ వస్తుంది. వయసు 35 లోపు ఉండాలి. పీహెచ్‌డీ తర్వాత జేఎస్‌పీఎస్ ఫెలోషిప్‌కు ప్రయత్నించొచ్చు. ఆ తర్వాతే అసలు చిక్కు. గడువున్న పోస్టులే ఎక్కువ, పర్మనెంట్‌వి తక్కువ. అందుకే ‘జపాన్ నిపుణులు’ అన్న ఒక్క ముద్రపై ఆధారపడొద్దు. గణాంకాలో, హెల్త్ ఎకనామిక్సో గట్టిగా పట్టండి. మన దేశంలోనూ ముంబయిలోని ఐఐపీఎస్ నడిపే లాసీ సర్వే 45 ఏళ్లు దాటినవాళ్లు, వాళ్ల జీవిత భాగస్వాములు కలిపి 70 వేల మందికి పైగా వివరాలు సేకరించింది. వృద్ధుల సంఖ్య పెరుగుతోందన్న ఆందోళనతోనే ఆంధ్రప్రదేశ్ 2024లో స్థానిక ఎన్నికల్లో ఇద్దరు పిల్లల నిబంధన ఎత్తేసింది. ఈ పని తెలిసినవాళ్ల అవసరం ఇక్కడా మొదలైంది.

మెక్స్ట్ దరఖాస్తులో బరువంతా రీసెర్చ్ ప్లాన్‌దే. ‘జపాన్‌లో వృద్ధాప్యం’ అని రాస్తే చాలదు. ఏ సేవ, ఏ ప్రాంతం, ఏ సవరణ అన్నది మొదటి పేరాలోనే ఉండాలి.