వైన్ కూడా మందే బాబూ!

మన దగ్గర ఏ సెంటర్లో చూసినా 'వైన్స్' అని బోర్డుంటుంది. లోపలికెళ్ళి నిజంగా వైన్ అడిగితే కౌంటర్లో కుర్రాడు మనల్ని ఎగాదిగా చూసి, పై అరలోంచి దుమ్ము పట్టిన సీసా ఒకటి దించుతాడు. అమ్ముడుపోయేదంతా విస్కీ, బీరే. పేరు మాత్రం వైన్స్. ఇవ్వాళ నా గోలంతా ఈ పేరు మహిమ గురించే.

అసలు విషయానికొస్తే... మా ఆన్‌సైట్ బాబు (చిలుకూరు బాలాజీకి 108 ప్రదక్షిణలు చేసి వీసా కొట్టిన బాపతు) సతీసమేతంగా స్పెయిన్ తిరిగొచ్చాడు. మనిషికి రెండు లీటర్ల దాకా సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు కాబట్టి నాలుగు సీసాలు తెచ్చాడు. అన్నీ అక్కడి సూపర్ మార్కెట్ సరుకే. నాలుగు యూరోల టెంప్రనిల్లో రెండు, ఆరు యూరోల గర్నాచా ఒకటి, తొమ్మిది యూరోల రియోహా క్రియాంజా ఒకటి. క్రియాంజా అంటే రెండేళ్ళు మాగబెట్టింది, అందులో కనీసం ఏడాది ఓక్ పీపాలో. స్పెయిన్‌లో ఇవి మామూలు జనం అన్నంతోపాటు తాగేవి. ఇక్కడికొచ్చేసరికి 150 శాతం దిగుమతి సుంకం, దాని మీద రాష్ట్రం పన్నులు కలిసి మహారాజుల పానీయమైపోయాయి. ఆ సుంకం తగ్గించడానికి యూరప్‌తో ఒప్పందం కుదిరిందని 2026 జనవరిలో ప్రకటించారు లెండి.

మొయినాబాద్ దాటాక చేవెళ్ళ వైపు, తెలిసినవాళ్ళ ఫాంహౌస్. తాగేవాళ్ళం ఐదుగురం. సీసాలకి న్యూస్ పేపర్ చుట్టి నంబర్లు వేసే పని నాది. ఎండాకాలం సాయంత్రం, గది నలభైకి దగ్గర్లో ఉడుకుతోంది. రెడ్ వైన్ 'రూమ్ టెంపరేచర్'లో తాగాలని పుస్తకాల్లో రాసేది యూరప్ గది గురించి, అంటే 16-18 డిగ్రీలు. మన గదిలో అలాగే తాగితే కషాయమే. అందుకని పావుగంట ఐసు నీళ్ళలో పెట్టాం. ఇంకో పాఠం: మిర్చి బజ్జీ తిని రెడ్ వైన్ తాగితే నోరు మంటా, వగరూ రెండూ రెట్టింపవుతాయి. ఉడకబెట్టిన పల్లీలు బెస్టు.

నేను చేసిన కొంటెపని ఏంటంటే, 1, 4 నంబర్లు రెండూ ఒకటే టెంప్రనిల్లో. నాలుగోది పోసేటప్పుడు "ఇదే కాస్ట్లీది అనుకుంటా" అని ఒక మాట వదిలాను. 'రియోజా కాదురా, రియోహా' అని పొద్దుట్నుంచీ అందరినీ దిద్దుతున్న మా టెస్టర్ మిత్రుడు ఒకటికి పదికి నాలుగు మార్కులేసి "నీళ్ళలా ఉంది" అన్నాడు. నాలుగుకి ఎనిమిదేసి "చూశారా, ఓక్ వాసన!" అన్నాడు. నిజం రియోహాకి వచ్చినవి ఐదే. పేపర్లు విప్పాక నవ్వలేక చచ్చాం.

వాణ్ణి తప్పుపట్టడానికేం లేదు. 2008లో కాలిఫోర్నియాలో పరిశోధకులు ఒకే వైన్‌ని ఒకసారి 10 డాలర్లని, ఇంకోసారి 90 డాలర్లని చెప్పి తాగించారు. జనానికి 90 డాలర్లదే నచ్చింది. మెదడు స్కాన్‌లో కూడా ఆనందం కలిగించే భాగం దానికే ఎక్కువ స్పందించింది. అంటే వాళ్ళు అబద్ధం చెప్పలేదు, నిజంగానే బావుందనిపించింది. నాలుకకన్నా ముందు లేబుల్ తాగుతాం అన్నమాట.

ఇంతవరకూ సరదానే. రాత్రి తొమ్మిదిన్నరకి మా టెస్టర్ కారు తాళాలు తీశాడు. పొద్దున్నే రిలీజ్ ఉందట. "తాగావు కదరా" అంటే, "అరే, వైనేరా! మందు కాదు కదా" అన్నాడు. ఇంకో ఇద్దరు తలూపారు కూడా.

లెక్క చూద్దాం. నాలుగు సీసాలు మూడు లీటర్లు, ఐదుగురికి తలా 600 మిల్లీలీటర్లు. 13.5 శాతం చొప్పున 81 మిల్లీలీటర్ల ఆల్కహాలు. 60 మిల్లీలీటర్ల విస్కీ పెగ్గులో ఉండేది 26కి కాస్త తక్కువ. అంటే మూడు లార్జ్ పెగ్గులు దాటేశాం. బరువులో 64 గ్రాములు. శరీరం గంటకి సుమారు ఏడు నుంచి పది గ్రాములు కరిగిస్తుంది. తెల్లారేదాకా ఎవరూ స్టీరింగ్ పట్టకూడదు. చట్టం ఒప్పుకునేది 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములే. మొదటిసారి దొరికితే పదివేలు జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ.

జరిమానా సంగతలా ఉంచండి. ఆ బీజాపూర్ రోడ్డు ఎలాంటిదో అటు వెళ్ళినవాళ్ళకి తెలుసు. 2025 నవంబర్ 3న చేవెళ్ళ దగ్గర మీర్జాగూడలో కంకర టిప్పర్, ఆర్టీసీ బస్సు ఢీకొని 19 మంది పోయారు. దానికీ మందుకీ ముడిపెట్టడం లేదు. మనం పొరపాటు చేస్తే ఎదుటివాడు తప్పుకోవడానికి ఆ రోడ్డు మీద జాగా ఉండదంటున్నానంతే.

అదే రోజు అక్కడే ఈతకల్లు తాగి ఉంటే? "కల్లు తాగి బండి నడుపుతానంటావేంట్రా" అని అందరం మీదపడేవాళ్ళం. నిజానికి కల్లులో ఆల్కహాలు మామూలుగా నాలుగైదు శాతమే, ఈ వైన్‌లో మూడోవంతు. కానీ కల్లు తాగేవాడు తాగుబోతు, వైన్ తాగేవాడు టేస్ట్ ఉన్నవాడు. ఒకటో నంబరుని నాలుగో నంబరు చేసిన లేబులే ఇక్కడా పనిచేసింది. నాలుక మోసపోతే నాలుగు మార్కులు తేడా వస్తాయి. బుర్ర మోసపోతే ఎవరింటికో ఫోన్ వెళ్తుంది, వాడికైనా, ఎదురొచ్చినవాడికైనా.

తాళాలు నేను లాక్కున్నాను. మాటా మాటా పెరిగింది. "నాలుగు సీసాలకి ప్రొఫెసర్‌వైపోయావా" అన్నాడు. అక్కడే పడుకుని ఉదయం ఏడున్నరకి బయల్దేరాం. రిలీజ్ ఓ గంట లేటయింది, కొంపలేం మునగలేదు. వాడు మాత్రం రెండు వారాలు నా ఫోన్ ఎత్తలేదు. పర్వాలేదు, ఎత్తడానికి మనిషి ఉన్నాడు కదా.

మళ్ళీసారి కూడా కలుస్తాం. ఈసారి మొదటి సీసా బిరడా తియ్యకముందే తాళాలన్నీ ఒక గిన్నెలో పడాలని రూలు పెట్టాను. ఆ గిన్నె కూడా తాగనివాడి దగ్గరే ఉంటుంది.