పాత మేడలో కిరాయి కాపురము

2005వ సంవత్సరమున నగరపాలక సంస్థయైన మా కరీంనగరమున, మంకమ్మతోటలో మేమొక పాత అపార్టుమెంటును చూచితిమి. కిరాయి తక్కువ, బడి, అంగడి నడకదూరము, పొరుగువారు చిరకాలముగా ఒకరినొకరు ఎరిగినవారు. మా మనసు అటే మొగ్గినది.

అయితే ఇల్లు మూడవ అంతస్తున నున్నది. లిఫ్టు సరిగా నడచునా యని యడుగగా కావలివాడు నవ్వి యూరకుండెను. మోకాళ్లనొప్పిగల మా అత్తగారు మెల్లగా మెట్లెక్కి, “బిడ్డా, ఎక్కితిని, దిగుట నా చేత కాదు” అనిరి. ఆ మాటతో మా లెక్క మారినది. మేము మిగిల్చెడి రూపాయలు ఆమె కాళ్లకు సంకెలలు కావలయునా?

గోడల చెమ్మనుగూడ తేలికగా నెంచరాదు. కాంక్రీటులోని ఇనుపకడ్డీలు తడిసి తుప్పుపట్టినచో ఉబ్బి కప్పును పగులగొట్టును. పైపూత ఆ పగులును దాచునేగాని మాన్పదు. కావున పాత యింటిని వానకాలముననే చూడవలెను.

ఏడాదికి మించిన కిరాయి పత్రమును 1908 నాటి చట్టము ననుసరించి రిజిస్ట్రేషను చేయింపవలెను గనుక, 11 నెలలకే వ్రాయుట వాడుక. పత్రము చిన్నదైనను లిఫ్టు ఖర్చు, మరమ్మతులు, బయానా తిరిగియిచ్చు గడువు అందు స్పష్టముగా నుండవలెను.

తుదకు మేము హెచ్చు కిరాయికి నేలయిల్లే తీసికొంటిమి. పుస్తకముల బీరువా కొనుట వాయిదాపడినది. సాయంకాలము అత్తగారు తామే వాకిటికి వచ్చి కూర్చుండుచున్నారు. ఆ లోటు మాకు తోచుటలేదు.